ముప్పై మూడు బట్టల మతం

ఈ మధ్య ఏ మహిళా పేజీ తిప్పినా, ఏ రీల్ చూసినా బట్టల గురించి ఒకటే ఉపదేశం. బీరువా ఖాళీ చెయ్యండి. ఏడాదిగా ఒంటి మీదికి రానివి తీసెయ్యండి. నలుపు, తెలుపు, బూడిద, నేవీ బ్లూ, బీజ్ రంగుల్లో ముప్పై చిల్లర బట్టలు ఉంచుకోండి, చాలు. ఏది తీసినా ఇంకోదానికి నప్పుతుంది, పొద్దున్నే ఏం వేసుకోవాలన్న తర్జనభర్జన ఉండదు, డబ్బు మిగులుతుంది, మనిషి హుందాగా కనిపిస్తుంది. దీని పేరు క్యాప్సూల్ వార్డ్‌రోబ్. దేవుళ్ళ విషయంలో ముప్పై మూడు కోట్ల దాకా పోయినవాళ్ళం, బట్టల విషయంలో ముప్పై మూడు దగ్గర ఆగిపొమ్మంటే బుద్ధిగా తలూపుతున్నాం.

పొదుపు మీద నాకు పేచీ లేదు. తలుపు తెరిస్తే చీరలు మీద పడే బీరువా ముందు నిలబడి ‘కట్టుకోడానికి ఒక్కటీ లేదు’ అనుకోవడం ప్రతి ఇంట్లో ఉన్నదే. రోగం నిజమే. మందు మాత్రం వేరే ఊరి రోగికి రాసిన చీటీ.

ఆ ఊరేదో చూద్దాం. 1970లలో లండన్‌లో బట్టల కొట్టు నడిపిన సూసీ ఫాక్స్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కారన్ ‘సెవెన్ ఈజీ పీసెస్’ అంటూ ఒకదానితో ఒకటి కలిసే ఏడు దుస్తుల జట్టుతో ఆఫీసు ఆడవాళ్ళని ఆకట్టుకుంది. 2010లో కోర్ట్నీ కార్వర్ అనే అమెరికన్ ‘ప్రాజెక్ట్ 333’ మొదలుపెట్టింది: మూడు నెలలు, ముప్పై మూడు వస్తువులు, చెప్పులూ నగలూ అందులోనే. ముగ్గురూ తెలివైనవాళ్ళు. వాళ్ళ సలహా వాళ్ళ చలికి అతికినట్టు సరిపోతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు జనవరిలో దాన్ని పాటిస్తే నేను ఒక్క మాటా అనను.

చలిదేశపు బట్టల బలమంతా పొరల్లో ఉంది. ఐదు చొక్కాలు, ఐదు ప్యాంట్లు ఉంటే 25 జతలు. వాటి మీద నాలుగు కోట్లో స్వెటర్లో మార్చి మార్చి వేస్తే అవే 100. కొన్నవి పద్నాలుగు, కనిపించేవి నూరు. ఈ గుణకారమే ఆ మతానికి మూలమంత్రం. ఇప్పుడు మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బ్లేజర్ తగిలించుకుని బస్సెక్కమనండి. పైపొర ఊడిన క్షణంలో నూరు కాస్తా పాతికకి దిగుతుంది. ఆ పాతికా కాగితం మీదే. అక్కడ పైకోటు నెలల తరబడి నీళ్ళు చూడదు, ప్యాంటు వారం నడుస్తుంది. ఇక్కడ విశాఖ ఉక్కపోతలో వేసుకున్న ప్రతిదీ ఒక్క పూటతో బకెట్లోకి పోతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి. తక్కువ ఉంచుకుంటే ఉన్నవాటినే ఎక్కువసార్లు ఉతుకుతాం. ఎక్కువ ఉతుకులు తిన్న గుడ్డ తొందరగా వెలుస్తుంది, మెడ దగ్గర పిగులుతుంది. పది చొక్కాలు నాలుగేళ్ళు వచ్చేచోట ఐదు చొక్కాలు రెండేళ్ళే వస్తాయి. మిగిలింది బీరువాలో జాగా, డబ్బు కాదు.

ఇంకో చిన్న షరతు ఉంది, మన ప్రచారకులు దాన్ని దాటేస్తారు. ప్రాజెక్ట్ 333 లెక్కలో ఇంట్లో వేసుకునేవి, పడుకునేటప్పుడు వేసుకునేవి, వ్యాయామపు బట్టలు రావు. రోజూ బయటికి పోయి సంపాదించుకొచ్చే మనిషికి ఆ మినహాయింపు చిన్నదే. మన ఇళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళ రోజంతా ఆ మినహాయింపులోనే గడుస్తుంది. నైటీ మీద చున్నీ వేసుకుని పాల ప్యాకెట్టు అందుకోవడం, కొరియర్ కుర్రాడికి సంతకం పెట్టడం, పక్కింటావిడతో మాట్లాడటం, అత్యవసరమైతే సందు చివర కిరాణా కొట్టుకి పోయి రావడం. ఆమె అసలు వార్డ్‌రోబ్ అదే. దాన్ని లెక్కలోకే తీసుకోని పద్ధతి ఆమెకి ఏం నేర్పుతుంది?

సరే, ‘అన్నీ అన్నింటితో కలవాలి’ అన్న సూత్రం దగ్గరికి వద్దాం. ఇదేదో లండన్ మనకి నేర్పిన విద్యలా చెబుతున్నారు. మా అమ్మల తరంలో నల్లదొకటి, మెరూన్ ఒకటి, ముదురాకుపచ్చ ఒకటి, మీగడ రంగు ఒకటి, నాలుగైదు టూ బై టూ జాకెట్లతో పాతిక చీరలు నడిచేవి. అంచుకి కుదిరినా చాలు, ఒంట్లో గడికి కుదిరినా చాలు. అసలు చీరకి కొలత లేదు. ఐదున్నర మీటర్ల గుడ్డని బక్కపలచని మనిషీ కట్టుకుంటుంది, లావాటి మనిషీ కట్టుకుంటుంది. తల్లిది కూతురికీ పనికొస్తుంది. కొలత ఉన్నది ఒక్క జాకెట్టుకే. కాబట్టి బీరువాలో ఎన్ని చీరలు బతికున్నాయన్నది అక్కడ ఎన్ని జాకెట్లు పడుతున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కట్టుకోడానికి ఏమీ లేదని నిట్టూర్చే మనిషిని కాస్త గుచ్చి అడగండి, చాలాసార్లు తేలేది జాకెట్టు పట్టడం లేదన్న సంగతే.

ఈ ఏర్పాటుని పాడుచేసింది రన్నింగ్ బ్లౌజు. చీర చివర జాకెట్టు గుడ్డ కలిపి ఇవ్వడం మొదలయ్యాక, ఆ చీరకి ఆ జాకెట్టే కుట్టించాలన్న పట్టుదల పుట్టింది. పదిహేను చీరలకి పదిహేను జాకెట్లు. ఒకదానిది ఇంకోదానికి వేస్తే ఎవరూ కేసు పెట్టరు, అయినా వెయ్యం. ఆ తర్వాత మగ్గం వర్కు వచ్చి మిగిలిన పని పూర్తిచేసింది. వీపు నిండా జర్దోసీ, మోచేతి దాకా పూసలు, చీర ఖరీదుని దాటిపోయే కూలి. అంత వర్కు చేయించిన జాకెట్టుని మామూలు చీర మీద వేస్తే కొట్టొచ్చినట్టుంటుంది, కాబట్టి వెయ్యరు. వర్కు పక్క కుట్ల దాకా పోయిందంటే విప్పి వదులు చేసే దారీ ఉండదు. కాన్పు తర్వాతో, నలభై దాటాకో ఒళ్ళు మారుతుంది. చీర నిక్షేపంలా ఉంటుంది, జాకెట్టు భుజం దాటదు. ఇంత డబ్బు పోసి రెండు బట్టల్ని ఒకదానికొకటి కట్టేసి రెంటినీ మూల పెట్టించే పద్ధతి ఇంకోటి నాకు కనిపించలేదు.

దీనికి విరుగుడు చెప్పే వ్యాసం మాత్రం ఎక్కడా రాదు, ఎందుకంటే అందులో కొనడానికి కొత్తదేమీ లేదు. నమ్మకమైన దర్జీ, సరిగ్గా పట్టే ఒక ఆది జాకెట్టు. కొలతలు నోటితో చెప్పేవి కావు. చంక దగ్గర కోత, చెయ్యి తిరిగే చోటు, మెడ దిగుడు ఆది జాకెట్టే చెబుతుంది. మంచి దర్జీ పక్కల్లో గుడ్డ మిగిల్చి, పక్కపక్కనే మూడు నాలుగు వరసల కుట్టు వేస్తాడు. ఒళ్ళొస్తే ఒక వరస విప్పుకోవడం, తగ్గితే మళ్ళీ వేసుకోవడం. ఆ మార్జిన్ గుడ్డ ఉన్న జాకెట్టు పదేళ్ళు వస్తుంది. రెడీమేడ్‌లో అది ఉండదు, అంగుళం అంగుళం గుడ్డ ఆదా చేస్తేనే వాళ్ళకి లాభం. కుర్తీలైనా అంతే. దర్జీతో కుట్టించుకుంటే రెండు జేబులు అడగొచ్చు, ఫోను పెట్టుకోవచ్చు. కొన్నదానికి జేబు పెట్టాలంటే ఆ కంపెనీకి మనసు రాదు. ఇంతటి దర్జీకి లైనింగ్ జాకెట్టు కుట్టినందుకు ఇచ్చే కూలి దగ్గర గీచి గీచి బేరమాడే మనమే, కొట్లో అద్దాల తలుపు వెనక బోర్డు మీద రాసిన ధరకి నోరెత్తం.

ఇక రంగులు. బీజ్, బూడిద, తెలుపు దేనితోనైనా కలుస్తాయట. కలుస్తాయి, వాటిని అలాగే ఉంచగలిగితే. బోరు నీళ్ళలో ఉతికిన తెల్లచొక్కా ఏడాదికి ఏ రంగుకొస్తుందో ఎవరికి తెలియదు? దానికి నీలిమందు, విడిగా నానబెట్టడం, విడిగా ఆరేయడం, చంకల్లో పసుపు మరకకి మళ్ళీ ఇంకో వైద్యం. నలుపు మన ఎండలో ఆరి ఆరి గోధుమ రంగులోకి దిగుతుంది. తిరగేసి నీడలో ఆరేసే ఓపిక ఉన్నవాళ్ళకే నలుపు. బీజ్ మీద పప్పుచారు బొట్టు పడితే ఆ రోజుకి అంతే. ఆవకాయ నూనె, కుంకుమ, ఎర్రమట్టి ధూళి, బస్సు సీటు మసి మధ్య తిరిగే మనిషికి తటస్థమైన రంగంటే మరకని ఓర్చుకునే రంగు. నారాయణపేట గళ్ళు, కాఫీ పొడి రంగు, వంకాయ రంగు, ముదురు మెరూన్, పెడన కలంకారీ అద్దకం ఆ పని చేస్తాయి.

కలపడం లెక్కలోనూ వాళ్ళ సిద్ధాంతం మన గుడ్డ ముందు ఓడిపోతుంది. గద్వాల చీర తీసుకోండి. నూలు ఒళ్ళు, దానికి విడిగా కలిపి నేసిన పట్టు అంచు. ఒంటిది ఒక రంగు, అంచుది ఇంకోటి. ఒంటి రంగు జాకెట్టూ నప్పుతుంది, అంచు రంగు జాకెట్టూ నప్పుతుంది, పేటల్లో మూడో రంగుంటే దానిదీ నప్పుతుంది. మంగళగిరి చీర నిజాం అంచు సంగతీ అంతే. పోచంపల్లి ఇక్కత్‌లో అయితే ఒక్క చీరలోనే నాలుగైదు రంగులు దొరుకుతాయి. సాదా బీజ్ చీరకి ఏ జాకెట్టైనా వెయ్యొచ్చు, నిజమే, కానీ ఏది వేసినా జాకెట్టే కనిపిస్తుంది, చీర కనిపించదు. ఒక అంచు చీరకి మూడు జాకెట్లు మార్చితే మూడు చీరలు కట్టినట్టుంటుంది. క్యాప్సూల్ అంటే ఇదే కదా, బూడిద రంగు ఎందుకు పూయాలి దానికి?

‘ఏడాదిగా తొడగనిది తీసెయ్’ అన్న నియమం నన్ను మిగతావాటికంటే చికాకు పెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఏడాది దాకా శుభకార్యాలకి పోని ఇళ్ళున్నాయి. మూఢం, ఆషాఢం అంటూ నెలల తరబడి ముహూర్తాలు ఉండవు. అమ్మమ్మ వెంకటగిరి చీర నాలుగేళ్ళు మడతలోనే ఉండి, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి లంగాగా మారుతుంది. అది నాలుగేళ్ళూ ‘వాడకుండా’ ఉన్నట్టా? పట్టుచీరకి ఏడాదికోసారి ఒంటి మీదికి రావడంకన్నా, నాలుగైదు నెలలకోసారి మడత మార్చడం, పాత పంచె గుడ్డలో చుట్టడం, కలరా ఉండలు జరీకి తగలకుండా చూడటం ముఖ్యం. అదే మడత మీద ఏళ్ళు గడిస్తే జరీ ఆ గీత వెంట తెగుతుంది. ఆ సంగతి చెప్పకుండా ‘తీసెయ్’ అనడం తేలిక. తీసేసినవి ఎక్కడికి పోతాయి? పడమటి దేశాల్లో తీసేసినవి నౌకల కొద్దీ ఘనాలోని అక్రాలో కంటామాంటో బజారుకో, మన హరియాణాలోని పానిపట్‌కో చేరతాయి. పానిపట్ మిల్లుల్లో వాటిని చింపి, దారం తీసి, చౌక దుప్పట్లు నేస్తారు. ఒకరి బీరువా తేలికయితే ఇంకొకరి ఊరు బరువెక్కుతుంది. పాత చీరల్ని బొంతగా కుట్టుకున్నవాళ్ళం, వాటిని వేసి స్టీలు గిన్నె పుచ్చుకున్నవాళ్ళం. పారెయ్యడాన్ని సంస్కారంగా మనకెవరూ నేర్పనక్కరలేదు.

ఈ మతానికి మహాపురుషులు కూడా ఉన్నారు. స్టీవ్ జాబ్స్ రోజూ అదే నల్ల టర్టిల్‌నెక్ వేసుకునేవాడు, మనసుకి భారం తగ్గించుకున్నాడు, మీరూ తగ్గించుకోండి అంటారు. ఆ టర్టిల్‌నెక్‌లు జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే ఆయన కోసం తయారుచేసినవి, బీరువాలో వంద దాకా ఉండేవని ఆయన జీవితచరిత్ర రాసిన వాల్టర్ ఐజాక్‌సన్ చెప్పాడు. వంద! అది తక్కువ బట్టల ఉదాహరణ ఎలా అయింది? పైగా ఆయన రోజూ అదే వేస్తే మేధావి అన్నారు. కలెక్టరాఫీసులో గుమాస్తా అదే చీర వరసగా రెండు రోజులు కడితే ‘ఏమ్మా, నిన్న ఇంటికి పోలేదా?’ అంటారు. ఇంటి పనికొచ్చే మనిషికి ఉన్నవే మూడు చీరలు, ఆమెని ఎవరూ మినిమలిస్టు అనరు. గాంధీ 1921 సెప్టెంబరులో మధురైలో కొల్లాయి కట్టాడంటే, ఒంటి నిండా గుడ్డ కొనుక్కోలేని జనాన్ని చూసి. ఆ తగ్గింపుకి ఒక కారణం ఉంది, దానివెనక మనుషులున్నారు. పొద్దున పది నిమిషాలు మిగుల్చుకోడానికి చేసే తగ్గింపుని దాని పక్కన నిలబెట్టకూడదు.

ఇంతా చదివి, అయితే అందరూ చేనేత కట్టండంటావు, అంతేగా అని అడిగేవాళ్ళకి ఒక మాట. ఆ ఉపన్యాసం కూడా నాకు గిట్టదు. నూలు మీద నాకున్న నమ్మకానికి కారణం శరీరశాస్త్రం. 65 శాతం తేమ ఉన్న గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట ఒంటి మీదే నిలవడానికి కారణం అదే. పొందూరు ఖద్దరు కట్టుకున్న మనిషికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకి, చేత్తో వడికిన ఆ నూలు ఎండలో ఒంటికే తెలుస్తుంది. కానీ పొద్దున్నే డ్యూటీకి పోయే కండక్టరమ్మ, వానలో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, నాట్లేసే కూలీ సింథటిక్ చీర కడుతున్నారంటే వాళ్ళకి అభిరుచి లేక కాదు. అది రాత్రి పిండి ఆరేస్తే తెల్లారేసరికి ఆరుతుంది, గంజి అడగదు, ఇస్త్రీ అడగదు. నూలు చీర వెనక ఒక మనిషి చాకిరీ ఉంటుంది, ఆ చాకిరీ ఎవరిదో అడగకుండా ‘చేనేత కట్టండి’ అనడం, గంజి పెట్టే మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళ సరదా. గంజి అక్కరలేని పలచటి నూలు, నూలూ పట్టూ కలిపినవి, ఆరేసేటప్పుడు అంచులు లాగి మడత పెడితే ఇస్త్రీ లేకుండా వెళ్ళిపోయే మెత్తటి చీరలు ఉన్నాయి. ఆఫీసుకి అవి, వానకి సింథటిక్. ఇందులో పాపం ఏమీ లేదు.

అసలు రోగం సంఖ్యలో లేదు, డబ్బు పోసే చోట ఉంది. మన బట్టల ఖర్చులో సింహభాగం పెళ్ళిళ్ళకి పోతుంది. పాతిక వేలు పెట్టి కొన్న చీర మూడు పెళ్ళిళ్ళ ఫొటోల్లో పడగానే ‘ఇది అందరూ చూసేశారు’ అని రిటైరవుతుంది. కట్టుకి ఎనిమిది వేల పైచిలుకు. రెండు వేల మంగళగిరి చీర నెలకి రెండుసార్లు చొప్పున నాలుగేళ్ళు కడితే 96 సార్లు, అంటే కట్టుకి 21 రూపాయలు. గంజీ ఇస్త్రీ కలిపి ఇంకో యాభై వేసుకోండి. అయినా ఆ రెండు వేల దగ్గరే చెయ్యి వెనక్కి పోతుంది, ‘రోజువారీకి ఇంతెందుకు’ అని. ఏడాదికి మూడు రోజులు కనిపించే మనిషికి పట్టు, మిగతా మూడు వందల అరవై రోజులు బతికే మనిషికి రంగు వెలిసిన నైటీ. క్యాప్సూల్ ప్రచారకులు ఈ తలకిందుల లెక్కని ముట్టుకోరు. పట్టుచీరలు ‘అకేషన్ వేర్’, అవి విడి అరలో పెట్టుకోమంటారు. డబ్బంతా పోయే అరని వదిలేసి, డబ్బు పోని అరలో సంస్కరణ.

మగవాళ్ళ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. వాళ్ళకిచ్చే జాబితాలో నేవీ బ్లేజర్, చినో ప్యాంట్లు, లేసులున్న తోలు బూట్లు తప్పకుండా ఉంటాయి. గుమ్మం ముందు, గుడి ముందు, కొన్ని క్లినిక్కుల ముందు కూడా విప్పాల్సిన దేశంలో లేసుల బూట్లు కొనమన్నవాడు ఎప్పుడూ ఎవరింటికీ పోలేదనుకోవాలి. రిసెప్షన్ సూటుకి పెట్టే డబ్బుతో మంచి నూలు చొక్కాలు ఆరేడు వస్తాయి, అవి నలగని రోజు ఉండదు, అయినా సూటే కొంటారు. ఆ సూటు తర్వాత తమ్ముడి పెళ్ళికి పట్టదు.

మరి ఎన్ని ఉండాలని అడిగితే, ఇంట్లో ఉతుకు ఎప్పుడో చెప్పండి, నేను చెబుతాను. రోజు మార్చి రోజు మిషన్ వేసే ఇంట్లో ఎండాకాలం పూటకొకటి చొప్పున నాలుగు ఒంటి మీద, నాలుగు తీగ మీద, రెండు ఇస్త్రీలో. పది జతలతో సుఖంగా పోతుంది. వారానికోసారి ఉతుక్కునే హాస్టలు పిల్లకి పదిహేను. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజే బట్టలు నానబెట్టుకునే అపార్ట్‌మెంటు మనిషికి ఇంకో నాలుగు వేసుకోవాలి. రాత్రి షిఫ్టు నర్సుకి యూనిఫారం పోగా ఇంటి బట్టలే ఎక్కువ కావాలి, అందులోనూ మంచివి.